మూసీ ఏ పార్టీది? వుజూ నీళ్ల లెక్క ఎవరిది?

2024 సెప్టెంబరు చివర్లో హైదరాబాద్‌లో మూసీ ఒడ్డున ఉన్న ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో అక్షరాలు కనిపించాయి. ‘ఆర్‌బీ-ఎక్స్’. ఆర్‌బీ అంటే రివర్ బెడ్, నదీగర్భం. చాదర్‌ఘాట్ పరిసరాల్లోని మూసానగర్, శంకర్‌నగర్ లాంటి బస్తీల జనానికి ఆ గుర్తు ఏమిటో అర్థం కావడానికి ఎక్కువ టైం పట్టలేదు. ఇల్లు పోతుంది. కొందరికి డబుల్ బెడ్రూం ఇళ్లు చూపించారు, వాళ్లు సామాను సర్దుకుని వెళ్లారు. కొందరు ససేమిరా అన్నారు. టీవీ పెడితే రెండే గొంతులు. ఒకరు మూసీని బతికిస్తున్నామన్నారు, ఇంకొకరు పేదల్ని చంపుతున్నారన్నారు. నది గురించి మాత్రం ఎవరూ మాట్లాడలేదు.

ఆ గోడ పక్కన నిలబడ్డ మనిషికి ‘పర్యావరణం’ అనే మాట ఎలా వినిపిస్తుంది? బుల్డోజర్ చప్పుడులా వినిపిస్తుంది. ఏదో ఒక పార్టీ నినాదంలా వినిపిస్తుంది. అలాంటి మనిషి దగ్గరికి వెళ్లి నల్లా కట్టేయండి, చెరువులో చెత్త వేయకండి, చెట్టు నాటండి అని చెప్తే వినే ఓపిక ఉంటుందా? మాట వింటేనే ఒళ్లు మండుతుంది. పర్యావరణాన్ని పార్టీలు తమ సొంతం చేసుకుంటే జరిగే అసలు నష్టం ఇదే. చట్టం, ప్రాజెక్టు, బడ్జెట్ ఎటు పోయినా, మనిషి తనంతట తాను చేయాల్సిన పని కూడా రాజకీయమైపోతుంది. ఫలానా పార్టీ వాళ్లు చెప్పారు కాబట్టి మనం చేయం అనే దాకా వస్తుంది.

పార్టీల మాటను ఎంతవరకు నమ్మొచ్చో మూసీ చరిత్రే చెప్తుంది. మూసీ రివర్ ఫ్రంట్ అభివృద్ధి సంస్థ పెట్టింది 2017లో, అప్పటి టీఆర్ఎస్ ప్రభుత్వం. 2024లో అదే సంస్థ ద్వారా కాంగ్రెస్ ప్రభుత్వం పనులు మొదలుపెడితే బీఆర్ఎస్ రోడ్డెక్కింది. 1.5 లక్షల కోట్లు అనే అంకె చుట్టూ నెలల తరబడి గొడవ నడిచింది. ఇక జీఓ 111 సంగతి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో, పెద్ద నిర్మాణాలు, కాలుష్య పరిశ్రమలు రాకుండా 1996లో తెచ్చిన ఉత్తర్వు అది. 2022 ఏప్రిల్‌లో జీఓ 69తో ఆ ఆంక్షలను సడలించారు. అప్పుడు పర్యావరణం గురించి మాట్లాడింది ప్రతిపక్షం. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్లు నరికినప్పుడు, సుప్రీంకోర్టు ఏప్రిల్ 3న పనులు ఆపమన్నప్పుడు, పర్యావరణం గురించి మాట్లాడింది మళ్లీ ప్రతిపక్షమే. కాకపోతే కుర్చీలు మారాయి. అధికారంలో ఉంటే అభివృద్ధి, బయట ఉంటే పర్యావరణం. ఈ సూత్రం ఒక్క తెలంగాణదే కాదు.

అందుకే పార్టీ వైఖరి మీద ఆధారపడి తన వైఖరి పెట్టుకునే మనిషి ఐదేళ్లకోసారి మారాల్సి వస్తుంది. అమానత్ అలా మారేది కాదు.

బావి చుట్టూ నలభై మూరలు

అమానత్ అంటే అప్పగింత. వేరొకరి వస్తువు మన దగ్గర దాచిపెట్టారు, తిరిగి అడుగుతారు, లెక్క చెప్పాలి. భూమి మీద మనిషి ఖలీఫా అని, అంటే యజమాని కాదు బాధ్యుడు అని ఖుర్ఆన్ చెప్పే మాటకు ఉలమాలు ఇచ్చే వివరణ సాధారణంగా ఇదే. రహ్మాన్ సూరాలో వచ్చే మీజాన్, అంటే సమతూకం అనే మాటను కూడా ఈ కోవలోనే చదువుతారు. ఇవి మనసుకు సంబంధించిన మాటలే అనుకుంటే పొరపాటు. పాత ఫిఖ్ గ్రంథాల్లో వీటికి కొలతలతో సహా రూపం ఉంది.

‘హరీమ్’ అనే పదం అందులో ఒకటి. నీటి వనరు చుట్టూ ఎవరూ కట్టడం కట్టకూడని, తవ్వకూడని, పాడు చేయకూడని జాగా. పశువులకు నీళ్లు పెట్టే బావి చుట్టూ 40 మూరల దూరం హరీమ్ అని హదీసుల్లో ఉంది. బావిని, వాగును, నదిని బట్టి ఫుఖహాలు ఈ కొలతల గురించి వివరంగా చర్చించారు. ఇంకొకటి ‘హిమా’. మేత భూమినో అడవినో అందరి కోసం కాపాడి ఉంచడం. ఇప్పుడు చెరువుల విషయంలో ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ అని అధికారులు అంటున్నారు కదా, వినడానికి కొత్తగా ఉన్నా ఆ ఆలోచన మాత్రం కొత్తది కాదు. జీఓ 111ను కూడా ఒక రకంగా హైదరాబాద్ జంట జలాశయాల హరీమ్ అనుకోవచ్చు. ఈ లెక్కన చెరువు శిఖంలో ప్లాటు కొనడమా వద్దా అనేది ఏ పార్టీ అధికారంలో ఉందనే దాన్ని బట్టి తేల్చుకునే విషయం కాదు. రిజిస్ట్రేషన్ అయిందా లేదా అనేది చట్టం అడిగే ప్రశ్న. అది నీళ్ల జాగానా కాదా అనేది మనస్సాక్షి అడిగే ప్రశ్న. మొదటిదానికి ఎవరో ఒకరు సంతకం పెడతారు. రెండోదానికి పెట్టేవాళ్లు లేరు.

ఆ రెండో ప్రశ్నను పక్కన పెడితే ఏమవుతుందో పాతబస్తీకి బాగా తెలుసు. 2020 అక్టోబరు వానలకు చెరువులు నిండి, కట్టలు తెగి హాఫిజ్ బాబానగర్, అల్ జుబైల్ కాలనీ లాంటి చోట్ల ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. అంతకు నూటపన్నెండేళ్ల ముందు, 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదలో దాదాపు 15 వేల మంది పోయారని అంచనా. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది బతికారంటారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. అప్పటి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ మూసీ శాంతించాలని హిందువుల పద్ధతిలో పూజ చేశారని కూడా హైదరాబాదీలు చెప్పుకుంటారు. అది జరిగిందో లేదో పక్కన పెడితే, తర్వాత జరిగింది మాత్రం ఖాయం. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద 1920 నాటికి ఉస్మాన్‌సాగర్, 1927 నాటికి హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ముస్లిం పాలకుడు, హిందూ ఇంజనీరు, అందరికీ నీళ్లు. అప్పుడు ఎవరూ ఆ డ్యాం ఏ మతానిదని అడిగినట్టు లేదు.

రాజకీయం అడిగేది, విశ్వాసం అడిగేది

ఈ రెంటికీ తేడా ప్రశ్నల్లోనే ఉంది. రాజకీయం ఎప్పుడూ ఎదుటివాడి గురించి అడుగుతుంది. ఎవరు చేశారు, ఎవరు ఆపారు, ఎవరిని వదిలేశారు? హైడ్రా 2024 జులైలో ఏర్పడింది. ఆ ఆగస్టు నుంచి నడిచిన చర్చంతా అదే కదా. ఫలానా వారిది కూల్చారు, ఫలానా వారిది ఎందుకు ముట్టుకోలేదు అని. అది తప్పు ప్రశ్న కాదు, అడగాల్సిందే. కానీ అది అడిగినవాడికి తన ఇంటి వెనక నాలాలో తాను వేసిన చెత్త గుర్తుకు రాదు. విశ్వాసం మొదటి ప్రశ్న మనిషినే అడుగుతుంది. నువ్వేం చేశావు అని.

వుజూ సంగతే చూద్దాం. ప్రవహించే నది ఒడ్డున కూర్చున్నా సరే వుజూలో నీళ్లు దుబారా చేయొద్దని దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) చెప్పినట్టున్న హదీసు భావం చాలామందికి నోటికి వచ్చు. ఆయన ఒక ‘ముద్’ నీళ్లతో వుజూ చేసేవారని బుఖారీ, ముస్లిం హదీసు సంకలనాలు చెబుతాయి. ముద్ అంటే ముప్పావు లీటరు చిల్లర, కొందరి లెక్కలో లీటరు దాకా. ఇప్పుడు మన మస్జిదుల్లో జరిగేదేమిటి? మామూలు నల్లా బాగా తిప్పితే నిమిషానికి 6 లీటర్ల పైనే పోతుంది. నల్లా అలా తెరిచే ఉంచి ఒకటిన్నర నిమిషం వుజూ చేస్తే 9 లీటర్లు. పూటకు వంద మంది వచ్చే మస్జిద్ అనుకుందాం. రోజుకు ఐదు పూటలు, 500 వుజూలు, 4,500 లీటర్లు. అదే నల్లా సన్నగా తిప్పుకుని, మసహ్ చేసేటప్పుడు కట్టేసి, రెండు లీటర్లలో ముగిస్తే 1,000 లీటర్లు. తేడా 3,500 లీటర్లు. ఐదు వేల లీటర్ల వాటర్ ట్యాంకర్ల లెక్కలో చెప్పాలంటే మూడు రోజులకు రెండు ట్యాంకర్లు, అదీ ఒక్క మస్జిద్‌లో. ఎండాకాలంలో ట్యాంకర్ కోసం బిందెలతో నిలబడే బస్తీ ఆ మస్జిద్ పక్కనే ఉండొచ్చు. పైగా హైదరాబాద్‌కు వచ్చే కృష్ణా నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా పంపులతో తోడితే వచ్చేవి. ఆ కరెంటు ఖర్చు వేరే.

ఈ లెక్కలో ఏ పార్టీ ఉంది? ఏ ముఖ్యమంత్రి పేరుంది? ఇది చేయడానికి ఏ ఎన్నికలూ అక్కర్లేదు. పాత మస్జిదుల్లో హౌజ్ ఉండేది. మక్కా మస్జిద్‌కు వెళ్లినవాళ్లు ఆవరణలో చూసే ఉంటారు. దోసిలితో తీసుకునే నీళ్లకు దానంతట అదే కొలత ఉండేది. నల్లా వచ్చాక ఆ కొలత పోయింది.

ముందు మన వాకిలి

మతాన్ని పర్యావరణంలోకి తెచ్చినప్పుడు ఒక ప్రమాదం ఉంది, దాన్ని దాచాల్సిన పని లేదు. తన మతాన్ని కాక ఎదుటివాడి మతాన్ని అడగడం మొదలవుతుంది. బక్రీద్ వస్తే రోడ్ల మీద రక్తం, వ్యర్థాలు అని ఫొటోలు తిరుగుతాయి. వినాయక చవితి వస్తే హుస్సేన్‌సాగర్‌లో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అని ఫొటోలు తిరుగుతాయి. పంచుకునేవాళ్లలో ఎంతమందికి నీళ్ల మీద దిగులు ఉందో, ఎంతమందికి పక్కవాడి మీద కోపం ఉందో తెలుసుకోవడం పెద్ద కష్టం కాదు. మిగతా పదకొండు నెలలు వాళ్లు నీళ్ల గురించి ఏం మాట్లాడారో చూస్తే చాలు.

నిజానికి రెండు చోట్లా మార్పు తెచ్చింది లోపలి మనుషులే. 2021 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు హుస్సేన్‌సాగర్‌లో పీఓపీ విగ్రహాల నిమజ్జనం వద్దన్నది. సమయం లేదని ప్రభుత్వం అడిగితే సుప్రీంకోర్టు ఆ ఒక్క ఏడాదికి చివరి అవకాశం ఇచ్చింది. కోర్టు ఉత్తర్వు చుట్టూ ఎంత రాజకీయమైనా జరగనీ, ఈలోగా మట్టి గణపతులు ఇళ్లలోకి వచ్చేశాయి. హెచ్‌ఎండీఏ ఏటా ఉచితంగా పంచుతోంది. ఇళ్లలో బకెట్లోనే నిమజ్జనం చేసి ఆ మట్టిని కుండీలో వేసుకునే కుటుంబాలు పెరిగాయి. మట్టితోనే చేయాలన్నది తమ పెద్దల పద్ధతేనని ఆ ఇంటివాళ్లే చెప్పుకున్నారు. ఆ మాట పక్క మతం వాళ్లు చెప్పి ఉంటే అది అక్కడే ఆగిపోయేది. బక్రీద్‌కూ అంతే. వ్యర్థాలు వేయడానికి జీహెచ్‌ఎంసీ కవర్లు ఇస్తుంది. ఆ కవరు మూతి కట్టి బండి వచ్చే దాకా ఉంచాలా, నాలాలోకి విసరాలా అన్నది ఖుర్బానీ ఇచ్చిన ఇల్లే తేల్చుకోవాలి. జుమా ఖుత్బాలో ఇమాం సాబ్ రెండు నిమిషాలు చెప్తే వినేంతగా మున్సిపాలిటీ మైకు చెప్తే వినరు. శుభ్రత ఈమాన్‌లో భాగమని చిన్నప్పటి నుంచి విన్నవాళ్లే కదా అందరూ.

అమెరికాలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ 1970లో ఏర్పడినప్పుడు అధ్యక్షుడు నిక్సన్, రిపబ్లికన్. అదే ఏడాది స్వచ్ఛమైన గాలి చట్టాన్ని సెనేట్ 73-0తో ఆమోదించింది, ఒక్కరు కూడా కాదనలేదు. ఇప్పుడు అదే దేశంలో వాతావరణ మార్పును నమ్ముతారా అని అడిగితే మనిషి ఏ పార్టీకి ఓటు వేస్తాడో దాదాపు చెప్పేయొచ్చు. చర్చికి వెళ్లే రిపబ్లికన్ కుటుంబాలతో మాట్లాడటానికి వాతావరణ శాస్త్రవేత్త క్యాథరిన్ హేహో ఎంచుకున్న దారి ఆసక్తిగా ఉంటుంది. ఆమె స్వయంగా ఎవాంజెలికల్ క్రైస్తవురాలు, టెక్సస్‌లో పనిచేస్తారు. పార్టీ ఊసెత్తకుండా పిల్లలు, పొలం, నీళ్లు, సృష్టి పట్ల బాధ్యత దగ్గర మొదలుపెడతారు. ఎదుటివాళ్లు విన్న తర్వాతే గ్రాఫులు.

లోపలి నుంచి అడగడానికి ముస్లిం ప్రపంచంలోనూ మంచి ఉదాహరణ ఉంది. 2015 ఆగస్టులో ఇస్తాంబుల్‌లో ఉలమాలు, నిపుణులు కలిసి వాతావరణ మార్పుపై ఇస్లామీ ప్రకటన విడుదల చేశారు. పాశ్చాత్య దేశాలను విమర్శించి ఊరుకుని ఉంటే చప్పట్లు పడేవి. కానీ వాళ్లు సంపన్న దేశాలతో పాటు చమురు ఉత్పత్తి చేసే దేశాల పేరెత్తారు. ఈ శతాబ్దం మధ్యలోపు గ్రీన్‌హౌస్ వాయువులను మానేయడంలో మీరే ముందుండాలన్నారు. ఆ దేశాల్లో చాలా వరకు ముస్లిం దేశాలే. అదే ఏడాది పోప్ ఫ్రాన్సిస్ ‘లౌదాతో సీ’ పేరుతో పర్యావరణంపై లేఖ రాసి తన కాథలిక్కులకే కష్టమైన మాటలు చెప్పారు.

అలాగని సర్కారుకు సెలవా?

రాజకీయాన్ని పక్కన పెట్టమంటే అన్నిటికీ మనమే బాధ్యులమని తల వంచుకోమని కాదు. ఇక్కడ కాస్త జాగ్రత్తగా ఉండాలి. ‘కార్బన్ ఫుట్‌ప్రింట్’ అనే మాటను ఇంటింటికీ తీసుకెళ్లింది ఎవరో తెలుసా? బ్రిటిష్ చమురు కంపెనీ బీపీ. 2000ల మొదట్లో మీ వంతు కాలుష్యం ఎంతో లెక్క వేసుకోండని జనానికి క్యాలిక్యులేటర్ ఇచ్చింది. చమురు అమ్మే కంపెనీ వైపు చూడాల్సిన వేలు వినియోగదారుడి వైపు తిరిగింది. వ్యక్తిగత నీతిని అడ్డం పెట్టుకుని పెద్దవాళ్లు తప్పించుకోవడం అంటే ఇదే.

మూసీలోనూ అదే. 2021 నాటి ప్రభుత్వ లెక్క ప్రకారం నగరంలో రోజుకు సుమారు 1,950 మిలియన్ లీటర్ల మురుగునీరు వస్తుంటే, అప్పటికి ఉన్న ప్లాంట్లు శుద్ధి చేయగలిగింది 772 మిలియన్ లీటర్లే. మిగతాది నాలాల గుండా, చెరువుల గుండా మూసీలోకే. 31 కొత్త ప్లాంట్లకు రూ.3,866 కోట్లు మంజూరు చేసింది ఆ తర్వాతే. ఒక ఊరి జనమంతా వుజూ లోటాతో చేసినా ఈ తేడా తీరదు. ఆ మురుగు దిగువన నల్గొండ దాకా పోయి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. దారిలో ఆ నీళ్లతోనే వరి పండించే రైతు, గడ్డి పెంచి పాలు అమ్మే రైతు ఉన్నారు. వాళ్లు ఎవరికీ ఓటు వేయనందుకు ఈ శిక్ష పడలేదు.

కాబట్టి వేరు చేయాల్సింది పార్టీని. ప్రభుత్వాన్ని అడగడాన్ని కాదు. మురుగు శుద్ధి చేశారా, ఫ్యాక్టరీ వ్యర్థాలు ఆపారా, చెరువు హద్దులు అందరికీ ఒకేలా గీశారా అని ఏ జెండా ఉన్నా అడగాలి. అడిగే మనిషి నోట్లో పార్టీ జెండా లేకపోతే ఆ ప్రశ్నకు బరువెక్కువ. మూసానగర్ ఇంటి గోడ మీది ఎర్ర గుర్తును కూడా ఇలాగే చూడొచ్చు. నది జాగా నదికి పోవాలన్నది ఎంత నిజమో, ముప్పై నలభై ఏళ్లు కరెంటు బిల్లు, ఇంటి పన్ను కట్టించుకున్న సర్కారు రాత్రికి రాత్రి కబ్జాదారు అనడం అన్యాయమన్నదీ అంతే నిజం. ఇస్లామీ న్యాయశాస్త్రంలో నీటి హక్కూ, నివాస హక్కూ రెండూ చర్చించిన విషయాలే. ఒకదాన్ని కాపాడుతూ ఇంకొకదాన్ని తొక్కేయడానికి అందులో దారి లేదు. పునరావాసం, బడి, పని దగ్గరగా చూపించి, ముందుగా చెప్పి, ఆ తర్వాత కదిలించాలని అడగడం పర్యావరణానికి వ్యతిరేకం కాదు. అలా అడగకపోతేనే పర్యావరణం పేదవాడికి శత్రువుగా మిగిలిపోతుంది.

మదీనాలో రూమా బావి ఒక వ్యక్తి చేతిలో ఉండి నీళ్లు డబ్బుకు అమ్ముతుంటే హజ్రత్ ఉస్మాన్ (రజి) దాన్ని కొని అందరికీ వక్ఫ్ చేశారు. వక్ఫ్ బావి, వక్ఫ్ చెట్టు అనే సంప్రదాయం అక్కడి నుంచి చాలా దేశాలకు పాకింది. మన మస్జిదుల్లో ఖాళీ జాగా ఉన్నచోట ఒక చిన్న పని ఇప్పటికిప్పుడు చేయొచ్చు. వుజూ చేసిన నీళ్లు పాక్‌గానే ఉంటాయి, వాటితో మళ్లీ వుజూ చేయరు అంతే. అందులో సబ్బు ఉండదు, నూనె ఉండదు. అయినా చాలాచోట్ల ఆ పైపును బాత్రూం మురుగు పైపుతో కలిపేసి నాలాలోకి వదిలేస్తున్నారు. ఆ రెండు పైపులను విడదీసి, వుజూ నీళ్లను ఆవరణలోని ఇంకుడు గుంతకో చెట్లకో మళ్లించడానికి ఒక ప్లంబర్‌కు రెండు రోజుల పని. కమిటీ సదర్ సాబ్ ఏ పార్టీవారైనా ఆ ప్లంబర్ బిల్లు ఒకటే.